చేతికిచ్చిన ఉప్పు

మా అంగట్లో ఉప్పు చేతికివ్వం.

తక్కెట్లో వేస్తాం, పొట్లం కడతాం, బస్తా కుట్టి బండెక్కిస్తాం. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మాత్రం ఇవ్వం. అలా ఇస్తే ఆ ఇద్దరికీ కొట్లాట తప్పదని మా తాత నమ్మాడు, ఆయనకంటే గట్టిగా మా నాయిన గోపాలయ్య నమ్మాడు. ఇంట్లో అమ్మ చిటికెడు ఉప్పు అడిగినా సరే, గిన్నె కింద పెట్టి "తీస్కో" అంటాడు. రాయచూరు గంజ్ బజార్లో ఉప్పు బేరం చేసే మనిషి అంత జాగ్రత్తగా ఉండాల్సిందే అని ఆయన లెక్క.

నేను ఎం.కాం. చదివి అదే అంగట్లో కూర్చున్నాను. పేరు తిరుమలేశ్. నాకా నమ్మకం లేదు. నాయిన గల్లా దగ్గర ఉన్నంతసేపు మాత్రం ఉంది.

జూన్ మొదట్లో, ఎండ ఇంకా దిగని ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. భుజానికి బ్యాగు, నుదుటి మీద చెమట, చేతిలో పొడవాటి గాజు గొట్టం. జ్వరం చూసేదేమో అనుకున్నాను.

"అయోడిన్ లేని కల్లుప్పు ఉందా అండీ?"

"దొడ్డుప్పా? ఉంది మేడం. కానీ గది తోళ్ళకు, పశువులకు పోతది. మనుషులు తినొద్దు."

"మనుషులకి కాదండీ."

"పశువులకా?"

"చేపలకి."

నేను నవ్వాను. నా కష్టాలకు శంకుస్థాపన అక్కడే జరిగింది.

"మేం తినం గానీ మేడం, చేపలకు ఉప్పు పులుసుల ఏస్తరని ఇన్న."

"మీ జోకులు కిలో ఎంతండీ?" అందామె నవ్వకుండా. "అవి తర్వాత కొంటాను. ముందు ఉప్పు కొంచెం చేతిలో వేయండి, చూడాలి."

"చేతికియ్యం."

"ఎందుకు?"

"కొట్లాట అయితది."

"ఇవ్వనందుకే అవుతోందిగా!"

నాయిన వెనక గోదాంలో ఉన్నాడు. ఆమె అరచేయి చాపి అలాగే నిలబడింది. ఇంక ఏం చేస్తాను? గుప్పెడు తీసి పెట్టాను. నా వేళ్ళు ఆమె చేతికి తగిలాయా అంటే, తగిలాయి. కావాలని కాదు. అంటే, ముందు కావాలని కాదు.

ఆమె ఉప్పును వేళ్ళతో నలిపింది, వాసన చూసింది, రవ్వంత నాలుక మీద వేసుకుంది.

"ఇసుక ఉంది."

"మా ఉప్పుల ఇసుకనా? గంజ్ అంత తిరిగి అడుగుర్రి మేడం, గోపాలయ్య ఉప్పుల ఇసుక ఉందని ఎవ్వడన్న అంటడేమో!"

"నేనంటున్నాగా. చూడండి."

ఆమె అరచేయి నా కళ్ళ ముందుకు వచ్చింది. నిజం చెప్పాలంటే నేను ఇసుకను చూడలేదు. సరిగ్గా అప్పుడే నాయిన గోదాం గుమ్మంలోకి వచ్చాడు. ఆమె చేతిని చూశాడు, దాంట్లో ఉప్పును చూశాడు, నన్ను చూశాడు.

"చేతికిచ్చినవార?"

"జెర శాంపిల్ నాయినా..."

"అయిపాయె," అని ఆయన గల్లా ముందు కూలబడ్డాడు. "ఇంక మీ ఇద్దరికి ఆ శ్రీశైలం మల్లయ్యనే దిక్కు."

ఆమె పేరు దేవిక అని బిల్లు రాసేటప్పుడు తెలిసింది. ఇసుక ఉన్న ఉప్పునే బస్తాకు ఆర్డరిచ్చి, ఇంటికి పంపమని చెప్పి వెళ్ళింది.

* * *

డెలివరీకి మా దగ్గర బసవప్ప అనే డ్రైవరున్నాడు. ఆ రోజు ఆయనకు సెలవిచ్చాను. పాపం, ఆయన అడగలేదు.

మాన్వి దారిలో, కాలువ పక్కన వాళ్ళ క్యాంపు. తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో కోస్తా రైతులు వచ్చి గుడారాలు వేసుకుని భూములు సాగుచేశారు. గుడారాలు పోయి డాబాలు లేచినా ఊరి పేరులో క్యాంపు అలాగే మిగిలింది. దేవిక వాళ్ళ నాన్న పున్నయ్యగారు నన్ను గేటు దగ్గరే ఆపేశాడు.

"ఏంటి బాబూ ఆ బస్తా?"

"ఉప్పు అంకుల్."

ఆయన పామును చూసినట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మా నాన్న బాపట్ల దగ్గర పొలం ఉప్పు తేలిపోయిందని అమ్ముకుని ఇక్కడికొచ్చాడయ్యా. ఇక్కడేమో మా చివరి మడులు చౌడుబారి గడ్డి కూడా మొలవట్లేదు. పుట్టినప్పట్నుంచీ నేను ఉప్పుతో కుస్తీ పడుతుంటే నా కూతురు దాన్ని బస్తాలతో ఇంటికి తెప్పిస్తోంది!"

"ఆ మజ్జిగలో కూడా వేశాను, పారబోయమంటారా?" అంటూ ఆయన భార్య సీతారావమ్మగారు రెండు గ్లాసులు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకున్నాడు.

ముందు గదిలో గోడవారగా గాజు తొట్టి ఉంది. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బయట ఎండకు ఎర్రమట్టి పొగలు కక్కుతుంటే, లోపల నీళ్ళలో అవి తోకలూపుకుంటూ తిరుగుతున్నాయి. నేను నోరు తెరుచుకుని చూశాను.

"పెద్దది ఆడది," అంది దేవిక. "చిన్నది మగది. దాని వెనకే తిరుగుతూ చెప్పినట్టు వింటుంది."

"మా ఇంట్ల గూడ గంతే."

ఈసారి నవ్వింది. ఉప్పు మోసుకొచ్చిన నా నడుం నొప్పి పోయింది.

ఆ తొట్టి వెనక పెద్ద కథే ఉంది. చిన్నప్పుడు కాలువకు నీళ్ళు ఆపేసినప్పుడల్లా గుంటల్లో చేపపిల్లలు చిక్కుకుపోయేవి. దేవిక వాటిని బిందెల్లో ఇంటికి తెచ్చి, మళ్ళీ కాలువ వదిలేదాకా కాపాడేది. ఇంట్లో బిందెలన్నీ చేపలకే పోతే మంచినీళ్ళు బకెట్లలో పెట్టుకున్నామని సీతారావమ్మగారు చెప్పింది. ఆ పిచ్చి ముదిరి సముద్రపు ఒడ్డునున్న కార్వార్‌లో మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీ దాకా వెళ్ళింది.

"సముద్రం అప్పుడే ఫస్టు టైం జూసిన్రా?" అనడిగాను.

"ఊఁ. హాస్టల్లో పెట్టె పడేసి పరిగెత్తాను. చూసి ఏడ్చేశాను. మీరు నవ్వకండి."

"నవ్వుతలేను." నిజంగానే నవ్వలేదు.

చదువయ్యాక ఏడాదిగా ఉద్యోగాలకు తిరుగుతోంది. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న: రాయచూరా, అక్కడ సముద్రముందా? నవ్వులు, టీ, తర్వాత కబురు చేస్తామనడం. ఇప్పుడు అదే తీరంలో కుమట దగ్గర, నది సముద్రంలో కలిసేచోట ఒక చిన్న అక్వేరియం ఉందట. అక్కడ చేపల్ని చూసుకునే మనిషి కావాలన్నారు. పున్నయ్యగారు ససేమిరా అన్నాడు. రోజూ గొడవపడి చివరకు ఒక పందానికి దిగాడు.

"సముద్రప్పని చేస్తానంటున్నావు కదా, ఈ మెట్టలో సముద్రం పెట్టి చూపించు. ఆ రెండు చేపలూ మన నాట్లు పూర్తయ్యేదాకా బతికుంటే వెళ్ళు. చచ్చాయంటే తెనాలి సంబంధానికి తల ఊపాలి."

అదీ సంగతి. తెనాలి అబ్బాయికి విత్తనాల షాపుందట, కారుందట, పొడుగట. ఆ మాట విన్న క్షణం నుంచి ఆ చేపలు బతకాలని నాకూ పట్టుదల వచ్చింది. మూగజీవాల మీద జాలి అనుకున్నాను.

* * *

నాయిన నమ్మకం వమ్ము కాలేదు. వారానికోసారి కొట్లాడుకున్నాం.

ఒకసారి ఆమెకు మంచిదివ్వాలని మా అంగట్లో అన్నిటికంటే ఖరీదైన మెత్తటి ప్యాకెట్ ఉప్పు పట్టుకెళ్ళాను.

"ఇందులో అయోడిన్ ఉంది, గడ్డకట్టకుండా కలిపే పొడి ఉంది! నా చేపల్ని చంపుదామనా? తెనాలి వాళ్ళు పంపారా మిమ్మల్ని?"

"తెనాలి పేరు తీయకుర్రి."

"ఏం? తెనాలి మిమ్మల్నేం చేసింది?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికేనా?"

"ఊరికేనే."

ఆమె నన్ను ఒక్క క్షణం ఎక్కువ చూసింది. "సరే, ఊరికే," అని లోపలికి వెళ్ళింది. వెళ్తూ నవ్వుతోందని గోడ మీది అద్దం నాకు చూపించింది.

ఉప్పు ఒక్కటే కలిపితే సముద్రం కాదని అక్కడే నేర్చుకున్నాను. కొంచెం మెగ్నీషియం, కొంచెం కాల్షియం, కొంచెం పొటాష్, ఫిల్టర్ నీళ్ళు. కలిపి, ఉప్పు కొలిచే ఆ గాజు గొట్టం వదిలితే అది గీత దగ్గర తేలాలి. తేలినప్పుడు దేవిక ముఖం చూడాలి. నేను చూసేవాణ్ణి. గీతను ఆమె చూసుకునేది.

కాలువకు నీళ్ళు వదిలారు, మబ్బులు పట్టాయి. అప్పుడు కుమట నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

"రెండ్రోజులు ఉండను. మీరొచ్చి చూస్తారా?" అంది దేవిక. "ఒక్కటే మాట గుర్తుపెట్టుకోండి. తొట్టిలో నీళ్ళు తగ్గితే ఫిల్టర్ నీళ్ళే పోయాలి. ఉప్పు వేయొద్దు. ఎగిరిపోయేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉంటుంది."

తల ఊపాను. తల ఊపడం వేరు, తలకెక్కడం వేరు.

* * *

నేను వెళ్ళేసరికి పున్నయ్యగారు వాకిట్లో విత్తనం వడ్లు శుద్ధి చేస్తున్నాడు. పెద్ద గంగాళం నిండా ఉప్పునీళ్ళు, అందులో ఒక కోడిగుడ్డు.

"చూశావా బాబూ, గుడ్డు తేలిందంటే ఉప్పు సరిపోయినట్టు. ఇప్పుడు వడ్లు పోస్తే తాలు పైకొస్తుంది, గట్టి గింజ అడుగున ఉంటుంది. మా నాన్న నేర్పాడు. ఉప్పు మాకు పనికొచ్చేది ఈ ఒక్కదానికే."

తర్వాత ఇద్దరం తొట్టి చూడబోయాం. ముందురోజు ఎండకు నీళ్ళు రెండు వేళ్ళ లోతు తగ్గాయి. ఆయన ముఖం మారిపోయింది.

"పిల్ల ఊళ్ళో లేనప్పుడు వీటికేమన్నా అయితే నా కుట్రే అంటుంది," అని గొణిగి, వాకిట్లోకి వెళ్ళి గుడ్డు తెచ్చి తొట్టిలో వదిలాడు. గుడ్డు బుడుంగున మునిగింది. చేపలు రెండూ ఒక మూలకు పారిపోయి దాన్నే చూస్తున్నాయి.

"అదీ! ఉప్పు చాల్లేదు."

"ఏయొద్దని చెప్పింది అంకుల్..."

"సముద్రమంటే ఉప్పుంటుందా, ఉండదా? నువ్వు చెప్పు, ఉప్పు బేరగాడివి."

నిజమే కదా అనిపించింది. ఆయన పుట్టినప్పట్నుంచీ ఉప్పునీళ్ళు చూసిన రైతు, నేను మూడు తరాల ఉప్పు వ్యాపారిని. మా ఇద్దరికీ తెలియని ఉప్పేముంది? ఆయన చేయి చాచాడు. నేను బస్తాలోంచి గుప్పెడు తీసి పోశాను. చేతిలోనే పోశాను. తర్వాత ఇంకో గుప్పెడు. తర్వాత ఇంకోటి.

గుడ్డు అడుగున లేచి నిలబడింది. చిన్న చేప మాత్రం పక్కకు ఒరిగింది. పెద్దది ఇసుక మీద కూర్చుని రొప్పుతోంది.

ఫోను తీసి వీడియో కాల్ చేశాను. అటువైపు ఏదో వరండాలో బెంచీ మీద దేవిక కూర్చుని ఉంది. వెనక వాన ధారలు కడుతోంది.

"ఇంకా పిలవలేదు, లోపల ఎవరో ఉన్నారు. ఏమైంది?"

"గుడ్డు తేలలే."

"గుడ్డేంటి?"

చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుంది. తిడుతుందని చూశాను. తిట్టలేదు, దాంతో ఇంకా భయమేసింది. కళ్ళు తెరిచేసరికి గొంతు మారింది, నిదానంగా, గట్టిగా.

"గుడ్డు తీసేయండి. గాజు గొట్టం వదిలి చూపించండి. ఊఁ, చాలా పైకుంది. గాలి మోటారు పూర్తిగా పెంచండి. ఇప్పుడు ఒక మగ్గు తీసేయండి, ఒక మగ్గు ఫిల్టర్ నీళ్ళు పోయండి. దూరంగా ఆ మూలన, సన్నగా. ఒక్కసారిగా పోస్తే దానికీ చస్తాయి. నాన్నా, మీరు పోయండి. మీ చెయ్యి వణకదు."

పున్నయ్యగారు పంచె ఎగ్గట్టి తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను తోడుతున్నాను, ఆయన పోస్తున్నాడు. మగ్గు తర్వాత మగ్గు. ఆయన నుదుటి చెమట కళ్ళల్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

సీతారావమ్మగారు గుమ్మంలో నిలబడి అంది: "ఎందుకండీ అంత కష్టం? అవి చస్తే గెలిచేది మీరేగా."

ఆయన తలెత్తలేదు. "ఇంకో క్యాను తీసుకురా," అన్నాడు. కొంచెంసేపయ్యాక, "ఆడుతూ పాడుతూ తిరిగే వీటిని నా చేత్తో చంపి, ఏ మొహంతో దానికి పెళ్ళి చేస్తానే?" అన్నాడు. ఫోన్లో దేవిక తల దించుకుంది.

గాజు గొట్టం గీత దగ్గరకు దిగుతూ వచ్చింది. ముందు పెద్దది లేచింది. లేచి చిన్నదాన్ని మూతితో పొడిచింది. చిన్నది ఒకసారి ఒళ్ళు విదిల్చి నిటారుగా నిలబడి, దాని వెనకే బయల్దేరింది. నేను చిన్నపిల్లాడిలా అరిచాను.

అప్పుడు చూశాను, ఫోన్లో దేవిక వెనక కళ్ళద్దాల ఆవిడ ఒకరు నిలబడి ఉన్నారు. ఎప్పట్నుంచి వింటున్నారో తెలియదు. ఆ అక్వేరియం నడిపే కాత్యాయని మేడం ఆవిడేనట.

"ఆ తొట్టి ఎక్కడుంది?" అని ఆవిడ కన్నడంలో అడిగారు.

"రాయచూరు దగ్గర మా ఇంట్లో మేడం."

"రాయచూరులో సముద్రపు నీళ్ళెక్కడివి?"

"నేనే కలుపుతాను మేడం. ఉప్పు గంజ్‌లో కొంటాను. మెగ్నీషియం, కాల్షియం తెప్పిస్తాను. పొటాష్ మాత్రం మా నాన్న ఎరువుల గదిలోంచి దొంగిలించాను."

"అదా సంగతి!" అని పున్నయ్యగారు ఇటునుంచి కేకేశాడు. "సంచీ ఎలుకలు కొట్టాయన్నావుగా!"

కాత్యాయని మేడం గట్టిగా నవ్వారు. "ఇక్కడ వానలు పడితే నది నీళ్ళన్నీ వచ్చి మా సముద్రం తియ్యగా అయిపోతుందమ్మా. ఏటా వానాకాలంలో చేపల్ని పోగొట్టుకుంటున్నాం. సముద్రం పక్కన పుట్టినవాళ్ళు చాలామంది వచ్చారు. సముద్రం లేనప్పుడు ఏం చేయాలంటే ఎవరూ చెప్పలేదు. లోపలికి రా, టీ తాగుదాం. నీ ఇంటర్వ్యూ అయిపోయింది."

* * *

దేవిక తిరిగొచ్చిన రోజు సన్నగా తుంపర పడుతోంది. కాలువ గట్టు మీద నన్ను నిలబెట్టి అడిగింది.

"గుడ్డు ఎవరి ఐడియా?"

"మీ నాయినది."

"ఉప్పు?"

"మాది."

"బుర్ర?"

"ఎవ్వరి దగ్గర లేకుండె."

నవ్వాపుకోవడానికి ఆమె కాలువ వైపు తిరిగింది. అవతల, ముందే చల్లినవాళ్ళ మడుల్లో నారు పచ్చగా లేస్తోంది. ఇంకో నెలకు పున్నయ్యగారి నాట్లు. నాట్లయితే ఆమె వెళ్ళిపోతుంది. ఆ పచ్చదనం చూసి సంతోషించలేకపోయిన మనిషి ఆ ఆయకట్టు మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"నాకు రెండు దిక్కుల నష్టమే," అన్నాను ఉండబట్టలేక. "చేపలు చస్తే మీరు తెనాలికి పోతరు. బతికితే కుమటకు పోతరు."

"మరి బతకాలని ఎందుకంత అరిచారు?"

"కుమట దగ్గర ఉప్పుమళ్ళున్నయి. లోడు తెచ్చెనీకి నేను రావచ్చు. తెనాలికి ఏం పేరు జెప్పి రావాలె? నాకు మీరంటే ఇష్టం దేవికా. చేతిల ఉప్పు పెట్టిన్నాటి నుంచి."

ఆమె తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, "ఇసుక ఉన్న ఉప్పు," అంది మెల్లగా. అని ఇంటివైపు నడిచింది. అది అవునో కాదో తేల్చుకోలేక నాకు నాట్లు పూర్తయ్యేదాకా నిద్ర లేదు.

ఇంట్లో నా వాలకం చూసి నాయిన అన్నాడు: "ఇన్నేండ్లు ఫోన్ చేస్తే లోడు వస్తుండె. గిప్పుడు కుమటకు మనిషే పోవాల్నంటవ్. మంచిగున్నదిర బేరం! వాళ్ళు చేపలు తినేటోళ్ళు, మనం వాసన గూడ ఓర్వం."

"ఆమె తినదు నాయినా. చేపల పేర్లన్ని తెలిసినంక తినబుద్ధి కాలేదంట."

"గట్లనా?" అన్నాడు నాయిన. అమ్మ లోపల్నుంచి, "మీసం కింద నవ్వుతుండు చూడు," అంది.

* * *

నాట్లు పూర్తయ్యాయి. రెండు చేపలూ ఆక్సిజన్ పట్టిన సంచీలో ప్రయాణానికి సిద్ధమయ్యాయి. బస్సెక్కే ముందు దేవిక మా అంగడికి వచ్చింది. బయట వాన దంచుతోంది. గొడుగు ముడుస్తూ వెనకే పున్నయ్యగారు, కొంగు పిండుకుంటూ సీతారావమ్మగారు. ఉప్పంటే ఆమడ దూరం జరిగే మనిషి ఉప్పు బస్తా మీదే కూర్చున్నాడు.

"గోపాలయ్యగారూ," అన్నాడాయన, "మీవాడు లోడు పేరు చెప్పి కుమట వస్తానన్నాడట. మా అమ్మాయి చెప్పింది. తెనాలి వాళ్ళకి కుదరదని కబురు పంపేశాం. మీరేమంటారో అని వచ్చాం."

నాయిన గల్లా మీద లేని దుమ్ము తుడిచాడు. నా సంగతి అడక్కండి.

దేవిక నా ముందుకు వచ్చింది. "ఉప్పు కావాలండీ."

"ఎన్ని బస్తాలు?"

"బస్తా వద్దు. కొంచెం చాలు."

పొట్లానికి కాగితం తీశాను. ఆమె అడ్డంగా తల ఊపింది. అరచేయి చాపి, అందరి ముందూ, మొదటి రోజులాగే నిలబడింది.

"చేతికిస్తే కొట్లాట అయితది," అన్నాను.

"తెలుసు," అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, పెదాలు నవ్వుతున్నాయి. "ఇంకెవరితోనూ పోట్లాడాలని లేదు. జీవితాంతం సరిపోయేంత పెట్టండి."

నేను నాయిన వైపు చూశాను. ఆయన గల్లా వదిలి లేచి వచ్చాడు. ఉప్పు డబ్బా మూత తన చేత్తోనే తీశాడు.

"నా మొకం ఏం జూస్తవ్‌ర?" అన్నాడు. "పెట్టు. జెర ఎక్కువనే పెట్టు."